రంగొక్కటియే చాలునా?

ఒకే రంగుగల ముక్కలను జతపఱచి తెరమీదనుండి మాయము చేయు కంప్యూటరు ఆటలను మన విద్యార్థులలో అనేకు లెఱుగుదురు. చేతిలోని ఫోనునందు మిఠాయిలను, రత్నములను వరుసలుగా కూర్చుట వారికి విడువరాని వినోదము. ఇట్టి ఆటలవలన కాలము వ్యర్థమగునని తల్లిదండ్రులును, బుద్ధి చుఱుకగునని పిల్లలును వాదించుకొనుట మేము వినుచునే యున్నాము. ఆ వివాదమును తీర్చుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము కాదు. ఈ ఆటల పూర్వచరిత్రలో ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును పనికివచ్చు పాఠ మొకటి యున్నది. దానిని మాత్రమే చెప్పదలచితిమి. చూపవలసిన భేదమును రంగొక్కదానితోనే చూపరాదు. రంగుతోపాటు మఱియొక గుర్తు కూడ నుండవలెను. ఇదియే మా యభిప్రాయము.

ఈ జాతి ఆటలు నిన్న మొన్నటివి కావు. జపానుదేశములో కునియాకి మొరిబే యనునతడు 1985వ సంవత్సరమున ‘చెయిన్ షాట్’ అను ఆటను కల్పించెను. ఫుజిట్సు కంప్యూటర్లమీద నడచు ఆ యాట ‘గెక్కన్ ఆస్కీ’ యను మాసపత్రిక ద్వారా జనులకు చేరెను. తెరనిండ రంగుల గడులుండును. ఒకదానినొకటి తాకుచున్న ఒకే రంగు గడుల గుంపును తీసివేసినచో, పైనున్నవి క్రిందికి జారును. 1989లో అమెరికాయందు హ్యూలెట్ పాకార్డు సంస్థలో పనిచేయుచుండిన జే గీర్ట్‌సెన్ ‘కాలమ్స్’ అను ఆటను నిర్మించెను. దానిలో మూడేసి రత్నములు నిలువు స్తంభమువలె పైనుండి దిగును. ఆడువాడు వాని క్రమమును మార్చుచు, ఒకే విధమైనవి మూడు అడ్డముగానో, నిలువుగానో, ఐమూలగానో చేరునట్లు చూడవలెను. మరుసటి సంవత్సరమున సేగా సంస్థ దానిని తన యంత్రములకు తెచ్చెను.

రంగులను జతపఱచుటయే పనియైన ఆటకు రంగులు సమృద్ధిగా నుండవలెను గదా! కాని ఆ కాలపు యంత్రములకు ఆ భాగ్యము లేదు. ఐ.బి.ఎం. సంస్థ 1981లో తన కంప్యూటరునకు అమర్చిన రంగుల పలక, అడ్డముగ 320, నిలువున 200 చుక్కలతో బొమ్మను చూపునపుడు, ఒక్కసారికి నాలుగు రంగులను మాత్రమే చూపగలిగెను. 1989లో నిన్‌టెండో సంస్థ వెలువఱచిన ‘గేమ్ బాయ్’ అను చేతిపెట్టెలో అసలు రంగే లేదు. 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు గల దాని చిన్న తెరపై వెలుతురునుండి చీకటివఱకు నాలుగు ఛాయలు మాత్రమే కనబడును.

ఇట్టి పేదఱికములో రంగుల ఆట ఎట్లు సాగెనో చూడుడు. నిన్‌టెండోవారు 1990లో ‘డాక్టర్ మారియో’ అను ఆటను, రంగులుగల ఫామికామ్ యంత్రమునకును, రంగులులేని గేమ్ బాయ్‌కును, ఒకేసారి విడుదల చేసిరి. ఎనిమిది గడుల వెడల్పు, పదునాఱు గడుల ఎత్తుగల సీసాలో రోగక్రిము లుండును. మొదటి మెట్టున అవి నాలుగు. ఇరువదవ మెట్టునకు ఎనుబదినాలుగు. పైనుండి పడు రెండు సగముల మందుబిళ్లలను త్రిప్పి, ఒకే రంగుగలవి నాలుగు వరుసగా నిలిచినచో ఆ క్రిములు నశించును. ఫామికామ్‌మీద అవి ఎఱుపు, పసుపు, నీలము. గేమ్ బాయ్‌మీద ఆ మూడు రంగులకు బదులు మూడు ఛాయలు నిలిచినవి. నియమము మారలేదు, ఆటలోని రసమును తగ్గలేదు. దీనివలన ఒక సంగతి తేటపడుచున్నది. ఆటకు కావలసినది రంగు కాదు, భేదము. రంగు ఆ భేదమును మోయు బండి మాత్రమే. ఒక బండి దొరకనపుడు మఱియొకటి కట్టుకొనవచ్చును.

మూడు విధములకైతే ఛాయలు చాలును. ఐదాఱు విధములైనచో చాలవు; అప్పుడు రూపము సహాయమునకు వచ్చును. 1995లో సూపర్ ఫామికామ్ యంత్రమునకై వెలువడిన ‘పనెల్ దె పోన్’ అను ఆటలో ప్రతి పలకకును రంగుతోపాటు తనదైన బొమ్మ యొకటి కలదు. ఎఱుపుమీద హృదయము, పసుపుమీద నక్షత్రము, ఆకుపచ్చమీద వలయము, ఇట్లే తక్కినవియు. మరుసటి యేడు ‘టెట్రిస్ అటాక్’ అను పేరుతో ఈ యాట గేమ్ బాయ్‌కు వచ్చినపుడు రంగులన్నియు పోయినవి. హృదయమును నక్షత్రమును నిలిచినవి. ఆడువానికి చిక్కేమియు కలుగలేదు.

దీనికి ప్రక్కన మఱొక యాటను నిలిపి చూతము. రష్యా దేశీయుడగు యెవ్‌గేనీ అలెమ్‌జిన్ 1994లో డాస్ కంప్యూటర్లకై ‘షారికి’ అను ఆటను చేసెను. ఆ మాటకు రష్యను భాషలో చిన్న బంతులని అర్థము. ప్రక్కప్రక్కనున్న రెండు బంతులను మార్చి మూడింటి వరుస కూర్చుట దీనిలోని పని. నేటి ఫోనులలోని ఆటలకు మూలపురుషు డిదియే. అయినను బంతులన్నియు గుండ్రనివే గనుక వానిని వేఱుపఱచునది రంగొక్కటియే. 2001లో పాప్‌క్యాప్ సంస్థ ‘బిజ్యువెల్డ్’ అను పేర ఈ విధమైన ఆటనే వెలువఱచినపుడు, అడ్డము ఎనిమిది, నిలువు ఎనిమిది గడులలో ఏడు విధముల రత్నములను పెట్టి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క రూపము నిచ్చెను. ఒకటి చదరము, ఒకటి త్రికోణము, ఒకటి గుండ్రన. 2012లో వచ్చిన ‘క్యాండీ క్రష్ సాగా’యందలి మిఠాయిలును అట్లే రూపమున వేఱు. వేలకొలది రంగులను చూపగల తెరలు వచ్చిన తరువాతను ఈ ఆటలు రూపమును విడువలేదని గమనింపుడు.

ఇందువలన మేలు పొందినవారెవరు? కొందఱి కన్నులు ఎఱుపును ఆకుపచ్చను మనవలె వేఱుచేసి చూడలేవు. ఉత్తర ఐరోపా సంతతివారిలో నూఱుగురు పురుషులకు సుమారు ఎనమండుగురికిని, ఇన్నూఱుగురు స్త్రీలకు సుమారు ఒకరికిని ఈ లోపము గలదని వైద్యులు చెప్పుదురు. మన దేశమునందును ఇట్టివారున్నారు. ఇది సాధారణముగా తల్లిద్వారా కుమారునకు సంక్రమించును. అందుచేతనే మగపిల్లలలో హెచ్చు. పరమాణు సిద్ధాంతమును ప్రతిపాదించిన జాన్ డాల్టన్, తనకును తన సహోదరునికిని గల ఈ లోపమునుగూర్చి 1794లో మాంచెస్టరు నగరమున పండితసభకు వివరించెను. అంతటి పరిశీలకుడు సయితము ఇరువదియైదేండ్లు దాటువఱకు తన దృష్టి ఇతరుల దృష్టివంటిది కాదని స్పష్టముగా నెఱుగలేదు. పుట్టినది మొదలు ఒకే తీరున చూచువానికి వేఱు తీరు కలదని తోచుట యెట్లు?

అట్టి బాలుని బంతులయాట ముందు కూర్చుండబెట్టినచో తడబడును. మందబుద్ధి యని ప్రక్కవారు నవ్వుదురు. వానినే రత్నములయాట ముందు కూర్చుండబెట్టినచో అందఱితో సమానముగ గెలుచును. బాలుడు మారలేదు, బుద్ధి మారలేదు. గుర్తు మాత్రమే మారినది.

ఇప్పుడు మన తరగతిగదులను చూతము. ఆకుపచ్చ బోర్డుమీద ఎఱ్ఱసుద్దతో ముఖ్యపదములను వ్రాయుట గలదు. దేశపటములో అడవికి ఆకుపచ్చయు, మెట్టకు గోధుమరంగును పూయుమందురు. రసాయనశాలలో మిథైల్ ఆరెంజి పసుపునుండి ఎఱుపునకు తిరుగు క్షణమును కనిపెట్టుమందురు. ఈ పనులలో తప్పిన బాలునికి అజాగ్రత్తపరుడను పేరు వచ్చును. కొన్నాళ్లకు వాడును అట్లే నమ్మును. ఇంతకంటె కష్టమైన సంగతి మఱొకటి కలదు. రైలుబండి నడపు ఉద్యోగమునకు వర్ణదృష్టి పరీక్ష తప్పనిసరి. ఆ యుద్యోగముపైననే ఆశపెట్టుకొని ఏండ్లకొలది చదివిన యువకుడు, వైద్యుని గదిలో మొదటిసారిగా తన లోపమును తెలిసికొనినచో, ఆ దుఃఖమునకు బాధ్యులెవరు? జపాను వైద్యుడు షినొబు ఇషిహర చుక్కల పటములను 1917లోనే లోకమునకిచ్చెను. వానితో పరీక్షించుటకు కొన్ని నిమిషములు చాలును.

మా మాటకు రెండు ఆక్షేపణలు రావచ్చును. ప్రతిదానికిని రూపమును గుర్తును చేర్చినచో చిత్రము గజిబిజియై అందము చెడునని కొందఱందురు. హృదయముగల పలకయు, కోణములుగల రత్నమును అందవిహీనములని ఆ యాటల నాడిన వారెవరును చెప్పగా మేము వినలేదు. కొద్దిమంది కొఱకు అందఱి పద్ధతిని మార్చవలెనా యని మఱికొందఱందురు. నూఱు గొఱ్ఱెలలో తప్పిపోయిన ఒక్కదాని యుపమానమును ప్రతి సంవత్సరము బోధించు మిషను పాఠశాలలో ఈ ప్రశ్నకు వేఱే యుత్తరము వ్రాయ నక్కఱలేదు. అయినను లోకరీతిగా ఒక మాట చెప్పుదుము. రంగుల పాఠ్యపుస్తకములోని పటమును నలుపు తెలుపు ప్రతిగా తీసి పరీక్షలో పంచినపుడు తరగతిలోని ప్రతి విద్యార్థియు వర్ణాంధుడే! ఆ కాగితము గేమ్ బాయ్ తెరవంటిది. రంగుతోపాటు గీతలో, చుక్కలో, అక్షరములో ఉన్న పటమే అప్పుడు పనికివచ్చును.

కావున మా విన్నపములు మూడు. తోడి ఉపాధ్యాయులారా, రంగుసుద్దను మానుమనుట లేదు. ఎఱ్ఱని పదముక్రింద గీతయు గీయుడు, పటములోని అడవికి చెట్టుగుర్తును పెట్టుడు. ఉన్నత పాఠశాలలో చేరిన యేటనే పిల్లల వర్ణదృష్టిని పరీక్షింపజేయుటకు పాఠశాలాధికారులు పూనుకొనినచో మిక్కిలి మేలు. తలిదండ్రులారా, పచ్చని ఆకులనడుమ పండు మిరపకాయలను వెదకలేక మీ కుమారుడు తడుముకొనుచున్నచో గద్దింపకుడు, కంటివైద్యునికి చూపుడు. విద్యార్థులారా, మీ ప్రక్కవాడు రంగు తప్పు చెప్పినపుడు నవ్వకుడు. ‘ఎఱ్ఱనిది’ అనుటకు బదులు ‘ఎడమప్రక్కనున్న చదరము’ అని చెప్పుడు. పేరు తెలిసిన మరుక్షణమే వాడు మీతో సమానముగా ఆడగలడు.