వంటయింటి వైద్యము

వ్యాధి ముదిరిన పిమ్మట మందులకై పరుగులిడుట మనకు పరిపాటి. 1972లో ఫిన్లాండ్ దేశపు ఉత్తర కరేలియాలో పెక్కా పుస్కా అను యువ వైద్యులు వేరొక మార్గము నవలంబించిరి. అచ్చట నడివయస్సు పురుషులు గుండెజబ్బుతో విరివిగా మరణించుచుండిరి. రొట్టెపై దట్టముగా వెన్న, మితిమీరిన ఉప్పు, పొగాకు ఇందుకు ముఖ్య కారణములు. ఆయన పల్లెలలోని మహిళా సంఘములను కలుపుకొని వంటలనే మార్పించిరి. వెన్నకు బదులు నూనె వచ్చినది, కూరగాయలు పెరిగినవి. మాంసపు వంటకములు తయారుచేయు వర్తకులను సైతము ఒప్పించి కొవ్వు తగ్గింపజేసిరి! అయినను రక్తపోటు గలవారికి మందులు మాన్పింపలేదు; మందులనే నిరసించు మన మిత్రులు ఈ సంగతి గమనింపవలెను. నాలుగు దశాబ్దములలో అచ్చటి నడివయస్సు పురుషులలో గుండెజబ్బు మరణములు నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గినవి.

మన యిండ్లలో వెన్న అంతగా లేదు గాని ఊరగాయ, అప్పడము, డాల్డా, తీపి చాయ్ ఉన్నవి. పెద్దలకు దినమునకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఒక్క ఊరగాయ ముక్కతోనే అందులో ఎంత పోవునో! మన క్యాంటీనులో సమోసా, మిర్చి బజ్జీ ఎల్లవేళల లభించును. పండు మాత్రము కానరాదు. కమిటీ పెద్దలు బల్లలపై ఉప్పు సీసాలు తీయించి, ఉడికించిన శనగలు, జామపండ్లు అమ్మించుటకు భవన నిధిని ముట్టుకొన నక్కరలేదు. వచ్చే విద్యా సంవత్సరము తొలిదినముననే ఆరంభింపవచ్చును.