సంపాదకుని మాట: గోడ క్రింది చిత్రములు

బెర్లిను నగరమున, నేటికిని నిలిచియున్న బెర్లిను గోడ శకలమునకు దిగువగా, త్రవ్వకములలో బయల్పడిన నేలమాళిగల ఇటుకగోడల వెంబడి, ‘టోపోగ్రఫీ ఆఫ్ టెర్రర్’ సంస్థవారు ఆరుబయట అమర్చిన ఛాయాచిత్రములను చూచుచు నడచితిని. 1933 మొదలు 1945 వఱకు గెస్టాపో రహస్య పోలీసుల ప్రధాన కార్యాలయమున్న స్థలమది. యుద్ధానంతరము శిథిలములను తొలగించి దాదాపు మఱచిపోయిన ఈ నేలపై, నగరపు 750వ వార్షికోత్సవ సందర్భమున, 1987లో తొలి ప్రదర్శన వెలసినది.

1933 ఏప్రిల్ 1వ తేదీన యూదుల దుకాణములను బహిష్కరింపుడని ఫలకములు చేతబట్టి వాకిళ్లకడ నిలిచిన నాజీ దళమువారి చిత్రములను చూచునప్పుడు, నా కన్ను వారిపైకంటె, ప్రక్కన ఆగి చూచుచున్న టోపీల పెద్దమనుష్యులపైననే నిలిచినది. దాచుకొనవలసిన కార్యమేదో జరుగుచున్నదని వారి ముఖములలో ఇసుమంతయు తోచదు. ప్రదర్శనశాలలలోని చిత్రములను మనము గతించిన చరిత్రగా, దూరమునుండి చూతుము. ఇచ్చటనో, చిత్రములోని వీథులును మనము నిలిచిన వీథియు ఒకే నగరమునవి, ఒకే ఆకాశము క్రిందివి యగుటచే, ఆ దూరము చెరగిపోవును.

ఆ అనుభవమును మనసున నుంచుకొని, ఈ సంచికలో యుద్ధ ఛాయాచిత్రములకు పెక్కు పుటలు కేటాయించితిమి. ప్రతి చిత్రము క్రిందను, తెలిసినంతమేరకు, స్థలమును తేదీని ముద్రించితిమి. అలంకారప్రాయమైన శీర్షికలను బుద్ధిపూర్వకముగనే విడిచితిమి.