డైరీలో ఎర్రసిరా

కృష్ణానగర్‌లో ఓ ఇరుకు సందు. తండ్రి సినిమా లైట్‌మన్‌. షూటింగ్‌ ఉంటే ఇంటికెప్పుడొస్తాడో తెలీదు. మూడో తరగతి కొడుకు డైరీలో మాత్రం రోజూ ఎర్రసిరా: ‘కుదురుగా కూర్చోడు’. ‘నాలుగు తగిలించండి మేడమ్‌’ అనేది తల్లి. డాక్టరుకి చూపించమంటే ‘మావాడికేం పిచ్చా?’ అంది. పక్కనున్న ఎర్రగడ్డ పేరునే తిట్టుగా వాడే ఊరు మరి! చివరికి వెళితే, అది ఏడీహెచ్‌డీ అన్నారు.

ఇది పొగరూ కాదు, పెంపకం లోపమూ కాదు. ధ్యాస నిలపడానికి, తొందర ఆపుకోడానికి తోడ్పడే మెదడు భాగాలు ఇలాంటి పిల్లలు చాలామందిలో కాస్త ఆలస్యంగా ఎదుగుతాయి. దెబ్బలతో అవి తొందరపడవు.

టీచరు వాణ్ని కిటికీకి దూరంగా, ముందు బెంచీలోకి మార్చింది. పది లెక్కలు ఒకేసారి ఇవ్వకుండా మూడేసి ఇచ్చింది. కాళ్లు ఊపడం మొదలెట్టగానే బోర్డు తుడవమంటుంది. బాగా చేస్తే అప్పటికప్పుడే మెచ్చుకుంటుంది, సాయంత్రందాకా ఆగితే వాడికది అందదు. యాభైమంది పిల్లల్లో ఇదంతా కుదురుతుందా అంటారా? రోజంతా వాడిమీద అరవడానికి పట్టే సమయంకన్నా తక్కువే!

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, డిస్‌లెక్సియాలాంటి అభ్యసన ఇబ్బందులున్నాయి. ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. కాబట్టి క్లాసు మారేముందు, మీ పిల్లాడికి ఏం పనిచేసిందో పాత టీచరుతో ఓ కాగితంమీద రాయించి కొత్త టీచరు చేతికివ్వండి.