వంపుల అణా మీద మన అక్షరాలు

ఇంట్లో పాత అణా బిళ్ళ ఉంటే ఒకసారి తిప్పి చూడండి. అది గుండ్రంగా ఉండదు. చుట్టూ పువ్వు రేకుల్లా పన్నెండు వంపులుంటాయి. ఒక వైపు రాజుగారి తల, రెండో వైపు విలువ. ఆ విలువను ఇంగ్లీషుతో పాటు ఉర్దూ, నాగరి, బెంగాలీ లిపుల్లో, వాటి సరసనే తెలుగులోనూ అచ్చు వేశారు. 1907లో మొదలైన నాణెం ఇది. మద్రాసులో, షోలాపూరులో, బరంపురంలో ఎక్కడైనా చెల్లింది. 1918లో వచ్చిన నాలుగు పలకల బేడ మీదా తెలుగు ఉంది. 1950లో స్వతంత్ర భారతం ఎద్దు బొమ్మతో కొత్త అణా తెచ్చినప్పుడు వంపులు మిగిలాయి, మన అక్షరాలు పోయాయి.

ఏడో తరగతి పిల్లవాడొకడు నాయనమ్మ డబ్బా లోంచి ఆ అణా తెచ్చి, భూతద్దం కింద పెట్టి చదువుకుని, "సార్, దీని మీద తెలుగెందుకుంది?" అని అడిగాడు. తెలుగు ఇంట్లో మాట్లాడుకునేదే తప్ప గడప దాటితే చెల్లదని నమ్ముతూ పెరిగిన పిల్లవాడు వాడు. వాడికి చెప్పడానికి పాఠ్యపుస్తకంలో మాకేమీ దొరకలేదు. ఆ రోజు నుంచే, వింత ఆకారాల నాణేలు మన బడుల్లో తెలుగు పీరియడుకు రావాలని అంటున్నాం.

చిల్లర ఏరుకోవడం కూడా చదువేనా అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. వారానికి దొరికే నాలుగు తెలుగు పీరియడ్లూ పరీక్షకే చాలడం లేదని తోటి ఉపాధ్యాయుల మాట. రెండూ తీసిపారేసే మాటలు కావు. కానీ మన పిల్లలు "పదహారణాల తెలుగు" అన్న మాట చదువుతారు, పదహారే ఎందుకో అడిగితే చెప్పలేరు. 1957 ఏప్రిల్ 1 దాకా రూపాయికి పదహారు అణాలని, అణాకు నాలుగు కాణీలని, రెండణాలైతే బేడ అని చెప్పగలిగే మనిషి ఇంట్లో మంచం మీద కూర్చునే ఉంటుంది. ఆమెను అడగడానికి వాళ్ళకు సాకు కావాలి. యుద్ధకాలంలో రాగి ఆదా చేయడానికి 1943 నుంచి నడుమ చిల్లు పెట్టి వేసిన కాణీ కన్నా మంచి సాకు ఏముంటుంది?

ఆ తర్వాత వచ్చిన పైసలూ తక్కువవేం కాదు. మూడు పైసలకు ఆరు పలకలు, ఐదు పైసలకు నాలుగు, పది పైసలు మళ్ళీ పువ్వు, 1992లో వచ్చిన రెండు రూపాయలకు పదకొండు పలకలు. చదువు రాని వాళ్ళు, చూపు లేని వాళ్ళు వేళ్ళతో తడిమి పోల్చుకోగలిగారంటే ఆ పలకల వల్లే. లెక్కల మాస్టారికీ ఇందులో పని ఉంది. బ్రిటన్ 1969లో వేసిన యాభై పెన్నీల బిళ్ళకు ఏడు పలకలు, అయినా ఏ వైపు నుంచి కొలిచినా వెడల్పు ఒకటే. అంచులను కొద్దిగా వంచి గీయడమే అందులోని కిటుకు. అందుకే అది యంత్రాల్లో గుండ్రటి బిళ్ళలాగే దొర్లిపోతుంది.

అలాగని విదేశీ నాణేల సెట్లు కొనమని మేము అనడం లేదు. ఒక బడి ప్రదర్శనలో మూడు పలకల కుక్ దీవుల రెండు డాలర్ల బిళ్ళకు బహుమతి ఇచ్చారు. దాన్ని ఆన్‌లైన్‌లో కొన్నది తండ్రి. పిల్లవాడికి ఆ దీవులు ఎక్కడున్నాయో తెలియదు. పక్క బల్ల మీద, రంగం వెళ్ళొచ్చిన ముత్తాత నాటి నలుపలకల బర్మా బిళ్ళ పెట్టుకుని నిలబడిన పిల్లను ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఒడిశా తెలుగు ఇళ్ళలో అలాంటివి ఇంకా ఉంటాయి. యానాం పెట్టెల్లో చిల్లున్న ఫ్రెంచి సెంటీము దొరికినా మేము ఆశ్చర్యపోము.

ఇందుకు ఖర్చేమీ అక్కర్లేదు. నాణెం ఇంట్లోనే ఉండనివ్వండి. దాని మీద కాగితం పరిచి పెన్సిల్ రుద్దితే అచ్చు పడుతుంది. ఆ అచ్చు కింద, అది ఇంటికి ఎలా వచ్చిందో, దానితో అప్పట్లో ఏం కొనేవారో పెద్దవాళ్ళు చెప్పినట్టే నాలుగు వాక్యాలు తెలుగులో రాసి తెస్తే చాలు. తాతగారి యాస దిద్దకండి. చింతపండు పెట్టి మాత్రం తోమకండి, ఉన్న అక్షరాలు కూడా పోతాయి.

పాత బిళ్ళకు లక్షలిస్తామంటూ ఫోనులో వచ్చే ప్రకటనలు నమ్మవద్దని పిల్లలకు ముందే చెప్పాలి. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ఫీజులు, కమీషన్లు అడిగేవాళ్ళ గురించి ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది. మా పిల్లవాడి అణాకు బజారులో పెద్ద ధర పలకదు. అది మళ్ళీ నాయనమ్మ డబ్బాలోకే వెళ్ళింది. వాడు రాసిన నాలుగు వాక్యాలలో మూడు తప్పులున్నాయి. గోడకు అలాగే అంటించాం.