మెమరీ చవకన్న మాట ఇక్కడ చెల్లదు

"వేగం కావాలంటే మెమరీ ఖర్చుపెట్టాలి. మెమరీ ఎలాగూ చవకే కదా!" ఇంటర్వ్యూలకు తయారయ్యే పిల్లలు ఈ మాటను వేదవాక్కులా అప్పజెబుతున్నారు. చెప్పేవాళ్లు అలాగే చెబుతున్నారు మరి. చాలా చోట్ల నిజమే కావచ్చు, ఫ్లడ్ ఫిల్ దగ్గర మాత్రం తప్పు. ఇక్కడ మెమరీని దుబారా చేసే పద్ధతే నెమ్మదిగానూ నడుస్తుంది.

బొమ్మలో ఒకచోట నొక్కగానే, అదే రంగుతో దాన్ని ఆనుకుని ఉన్న పిక్సెళ్లన్నిటికీ కొత్త రంగు పట్టించడమే ఫ్లడ్ ఫిల్. పాఠాల్లో దీనికి నాలుగు వరుసల రికర్షన్ రాస్తారు: కుడికి వెళ్లు, ఎడమకి వెళ్లు, కిందికి వెళ్లు, పైకి వెళ్లు. బోర్డు మీద ముచ్చటగా ఉంటుంది. కానీ ఖాళీ బొమ్మలో పై మూల నుంచి మొదలుపెడితే ఈ కాల్స్ పాములా మెలికలు తిరుగుతూ చివరి పిక్సెల్ దాకా వెళ్తాయి. అప్పటిదాకా పిక్సెల్‌కి రంగు వేసిన ఒక్క కాల్ కూడా ముగియదు. 3840 × 2160 బొమ్మలో 82,94,400 పిక్సెళ్లు. ఒక్కో కాల్‌కి 64 బైట్లు వేసుకున్నా 53 కోట్ల బైట్లు. విండోస్ ప్రోగ్రామ్‌కి మామూలుగా దక్కే స్టాక్ 1 ఎంబీ. ఆ లెక్కన 128 × 128 బొమ్మ దగ్గరే ప్రోగ్రామ్ కూలిపోతుంది. ఫ్లడ్ ఫిల్ అడిగే లీట్‌కోడ్ 733వ లెక్కలో బొమ్మ 50 × 50 దాటదు కాబట్టి ఈ లోపం పిల్లల కంటపడటం లేదు.

1984లో వచ్చిన మెకింటాష్‌ని చూడండి. మెమరీ 128 కేబీ, స్క్రీన్ 512 × 342. బిల్ అట్కిన్సన్ రాసిన మాక్‌పెయింట్‌లో రంగు బకెట్ ఉంది. పిక్సెల్‌కి 8 బైట్లే అనుకున్నా స్క్రీన్ మొత్తానికి 14 లక్షల బైట్లు కావాలి. యంత్రంలో మొత్తం ఉన్నవే 1,31,072. పిక్సెల్‌కో కాల్ అనే దారి అక్కడ మొదటిరోజే మూసుకుపోయింది. అయినా బకెట్ పనిచేసింది.

అసలు దారి అంతకు ముందే తెలుసు. 1979లో ఆల్వీ రే స్మిత్ 'టింట్ ఫిల్' వ్యాసంలో రాశాడు, 1990లో పాల్ హెక్‌బర్ట్ 'గ్రాఫిక్స్ జెమ్స్'లో దాన్ని ఇంకా నేర్పుగా మలిచాడు. నాగలి చాలు వేసినట్టు అడ్డంగా గోడ తగిలేదాకా నింపుకుంటూ పోవాలి. ఆ పట్టీ పైనా కిందా నింపాల్సినవి ఏమున్నాయో పట్టీల లెక్కనే స్టాక్‌లో పెట్టుకోవాలి. హెక్‌బర్ట్ పద్ధతిలో పట్టీ ఎటునుంచి వచ్చిందో కూడా గుర్తుంటుంది కాబట్టి, ఇప్పుడే నింపి వచ్చిన వైపు మళ్లీ తడమక్కర్లేదు. ఇందాకటి ఖాళీ బొమ్మలో ఈ స్టాక్‌లో ఒకేసారి ఉండేవి రెండు మూడు పట్టీలు. ఒక్కోదానికి నాలుగు అంకెలు. 53 కోట్ల బైట్లు చేసే పని వంద బైట్లలోపే సరిపోయింది.

వేగం తగ్గిందా? పెరిగింది. ప్రాసెసర్ మెమరీ నుంచి ఒక్కో బైటు తెచ్చుకోదు, మామూలుగా 64 బైట్ల మూటగా తెచ్చుకుంటుంది. పిక్సెల్‌కి 4 బైట్లయితే ఒక మూటలో పక్కపక్కనున్న 16 పిక్సెళ్లు వస్తాయి. అడ్డంగా నడిచేవాడు 16 వాడుకుంటాడు. కిందికి దిగేవాడు ఒక్కటి వాడి, 15,360 బైట్ల అవతలికి దూకుతాడు.

"మేం రికర్షన్ వాడం, క్యూ వాడతాం" అనేవాళ్లున్నారు. కూలిపోదు, ఒప్పుకుంటాను. కానీ ఆ క్యూ అల వజ్రం ఆకారంలో పరుచుకుంటూ, అడుగడుగునా వేరే వరుసలో కాలుపెడుతుంది. క్యూలో వేసేటప్పుడు కాకుండా తీసేటప్పుడు గుర్తు పెడితే ఒకే పిక్సెల్ నాలుగుసార్లు దాకా దూరుతుంది. ఈ పొరపాటు ఎంతమంది కోడ్‌లో చూశానో! పైగా చూసిన పిక్సెళ్ల కోసం వేరే పట్టిక, అదీ పూర్ణసంఖ్యలతో: 3.3 కోట్ల బైట్లు. బిట్లతో రాస్తే 10,36,800 బైట్లు చాలు. పాత రంగుతో కచ్చితంగా సరిపోల్చే ఫిల్‌లో అదీ అనవసరం, మారిన రంగే గుర్తు. దగ్గరి రంగుల్ని కూడా కలుపుకునేటప్పుడు మాత్రం వేరే గుర్తు కావాలి.

వేగానికీ మెమరీకీ నిజమైన బేరం లేదనను. దువ్వెన పళ్లలాంటి ఆకారాల్లో పట్టీలు చిట్లి స్టాక్ పెరుగుతుంది. స్టాకే లేకుండా, గోడ పట్టుకుని నడుస్తూ నింపే పద్ధతులూ ఉన్నాయి. అవి మెమరీని ఆదా చేసి వేగాన్ని బలి ఇస్తాయి. మైక్రోమౌస్ రోబో పోటీల 16 × 16 చిట్టడవిలో గమ్యానికి దూరాలు కొలవాలంటే క్యూయే సరైన పనిముట్టు. అలాంటిచోట బేరమాడండి. రంగు నింపే మామూలు పనిలో బేరమే లేదు. తక్కువ మెమరీ తీసుకునే దారే వేగమైన దారి.

రెండూ ఓ ఆఫ్ ఎన్ కదా అని వాదించకండి. వంద బైట్లకీ 53 కోట్ల బైట్లకీ మధ్య తేడా ఆ గుర్తులో కనిపించదు. ఫ్లడ్ ఫిల్ నేర్పే ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి పిల్లలకు 50 × 50 బదులు 3840 × 2160 బొమ్మ ఇవ్వండి. 1 ఎంబీ స్టాక్‌తో నడిపించమనండి.