జానెడు కింద గోడ!

సంక్రాంతి వెళ్లిన వారం. తెనాలి దాటి నాలుగు మైళ్లు పోతే రోడ్డుకి ఎడమ వైపు రెండు చేలు. రెండింట్లోనూ మినుమే. ఒకే రకం విత్తనం, ఒకే దుకాణంలో కొన్నది. వరి కోతకి రెండు రోజుల ముందు, ఒకే సాయంత్రం చల్లారు. మందులు కూడా ఒకే డబ్బాలోవి. అయినా గట్టుకి అవతలి చేను పచ్చగా నవ్వుతోంది. ఇవతలి చేను మాత్రం పసుపు తిరిగి, మధ్యాహ్నానికల్లా తల వాల్చేస్తోంది.

'విత్తనం కల్తీదేమో బాబాయ్‌గారూ?' అన్నాను.

ఆ చేను కౌలుకు చేస్తున్న పెద్దాయన నవ్వాడు. 'పక్క చేలోదీ అదే విత్తనం కదా బాబూ' అంటూ మోటారు షెడ్డులోంచి బొటనవేలు లావున్న ఇనప ఊచ ఒకటి పట్టుకొచ్చాడు. నేల మీద నిలబెట్టి అరచేత్తో నొక్కాడు. వెన్నలో దిగినట్టు దిగింది. జానెడు దిగి... ఆగింది! ఇంకా నొక్కితే ఊచ వంగింది కానీ దిగలేదు. గట్టు దాటి పక్క చేలో గుచ్చితే మూరెడు పైన దిగిపోయింది.

'అదీ సంగతి. ఇక్కడ కింద గోడ ఉంది. మొక్క వేరు గోడకి తలకొట్టుకుంటోంది.'

నిలబడితే కనిపించేది గోడ. పడుకున్న గోడ మాత్రం ఎవరికీ కనిపించదు. డెల్టా మాగాణుల్లో చాలా చోట్ల అది పడుకునే ఉంది.

మనం పోసుకున్న శ్లాబు

కృష్ణా డెల్టాలో వరి అంటే దమ్ము. నీళ్లు పెట్టి, బురద చేసి, కాలు మోకాలిదాకా దిగేలా కలిపితేనే నాటు. ఈ పనిలో జరిగేదేమిటో చూడండి. మట్టి అంటే ఉత్త పొడి కాదు. చిన్న చిన్న రేణువులు గుంపులుగా అతుక్కుని, మధ్య మధ్య ఖాళీలతో ఉంటుంది. ఆ ఖాళీల్లోనే గాలి, నీరు, వేళ్లు. దమ్ములో ఆ గుంపులు విడిపోతాయి. మెత్తటి బంకమట్టి రేణువులు కిందికి దిగి సందులు పూడ్చేస్తాయి. పైన ట్రాక్టరు చక్రాలు, నాగలి కర్రు అడుగు భాగం ఏటేటా అదే లోతులో తొక్కుతూ, రుద్దుతూ పోతాయి. ఏళ్లు గడిచేసరికి అర అడుగు నుంచి అడుగు లోతు మధ్యలో ఎక్కడో ఒక గట్టి పొర తయారవుతుంది. మందం మహా అయితే బెత్తెడు.

ఇది వరికి శత్రువు కాదు... నేస్తం! పొలంలో పెట్టిన నీరు పాతాళానికి పోకుండా పట్టి ఉంచేది ఆ పొరే. అది లేకపోతే కాలవలో ఎంత నీరొచ్చినా చాలదు. పైగా వరి వేళ్లు లోతుకి పోవు. వాటికి ఆ జానెడు మట్టే సామ్రాజ్యం.

చిక్కంతా వరి కోశాక మొదలవుతుంది. వరి మాగాణుల్లో మినుముకి తడి పెట్టరు. నేలలో మిగిలిన పదునే దానికి భోజనం. పైన జానెడు మట్టిలోని పదును ఆవిరయ్యేలోగా తల్లివేరు కిందికి దిగి లోపలి పదును అందుకోవాలి. గోడ అడ్డమొస్తే? కింద నీళ్లున్నా పైన మొక్క దాహంతో చస్తుంది. వెలుతురు ఉన్నా తలుపు మూసిన ఇంట్లో ఉన్నట్టన్నమాట. జనవరిలో పడే అకాల వానకైతే ఇంకో కష్టం. నీరు కిందికి ఇంకక పైనే నిలబడి వేరు ఊపిరాడక కుళ్లుతుంది. ఒకే చేను, ఒకే పంట... తడి ఎక్కువైనా చేటే, తక్కువైనా చేటే!

అమెరికాలో ప్రకృతి పోసింది

ఈ తంటా మన ఒక్కరిదే కాదు. అమెరికాలో మిసిసిపీ నదీ ప్రాంతంలో, కెంటకీ, టెన్నెసీ రాష్ట్రాల్లో గాలి మోసుకొచ్చి పోసిన మెత్తటి ఒండ్రు నేలలున్నాయి. చూడ్డానికి పిండిలా ఉంటాయి. కానీ రెండడుగుల లోతున ఓ పొర... ఎండితే ఇటుకే. దాని పేరు ఫ్రాజిపాన్. లాటిన్‌లో 'పెళుసు' అని అర్థం వచ్చే మాట నుంచి పుట్టింది. పేరుకి తగ్గట్టే వేళ్లతో నొక్కితే వంగదు, ఫట్‌మని పగులుతుంది. విచిత్రం ఏమిటంటే, అంత గట్టి ఎండు పెళ్లని నీళ్లలో వేస్తే చక్కెరబిళ్లలా విడిపోతుంది. సిమెంటులా రసాయనంతో అతుక్కున్నది కాదు, రేణువులు ఒకదాని సందులో ఒకటి ఇరుక్కుని బిగిసిపోయినదని అందుకే అంటారు.

అక్కడి రైతుకీ మన పెద్దాయన బాధే. చలికాలం పొర మీద నీరు నిలుస్తుంది. వేసవిలో పంట ఎండుతుంది. రెండడుగుల లోతున ఉన్నదాన్ని ఇనప కర్రుతో చీల్చినా మళ్లీ బిగుసుకుంటోందని కెంటకీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వేరే దారి వెతికారు. రై జాతి గడ్డి పెంచితే దాని వేళ్లు వదిలే రసాలు ఆ పొరను మెల్లగా కరిగిస్తున్నాయని గమనించారు. ఇనుము చేయలేని పని గడ్డివేరు చేస్తోందన్నమాట!

మన డెల్టాలో ఉన్నది ఫ్రాజిపాన్ కాదు. అక్కడిది వేల ఏళ్లలో ప్రకృతి పోసిన శ్లాబు. మనది పంట పంటకీ మనం పోసుకున్నది. కాబట్టి తీసే దారి కూడా మన చేతుల్లోనే ఉంది.

మూడు ఊళ్లు... మూడు పొరలు

తెనాలి నుంచి రేపల్లె, అక్కడి నుంచి బాపట్ల. బస్సులో ఒక పూట ప్రయాణం. కానీ నేల తవ్వి చూస్తే మూడు దేశాలు తిరిగినట్టే ఉంటుంది.

తెనాలి చుట్టూ నల్లరేగడి. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి, పశ్చిమ డెల్టా కాలవలు పారాక ఇది వరి మాగాణి అయింది. ఈ మట్టికో గొప్ప గుణం ఉంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. ఎండాకాలంలో మనిషి చెయ్యి దూరేంత నెర్రెలు పడతాయి. పైమట్టి వాటిలోకి జారుతుంది. తొలకరికి మళ్లీ ఉబ్బి లోపలిది పైకి నెట్టుకొస్తుంది. అంటే నల్లరేగడి తనను తానే దున్నుకుంటుంది! కింద గట్టి పొర ఉన్నా వేసవి నెర్రె దాన్ని కొంత చీలుస్తుంది. తాతల కాలంలో ఎండాకాలం చేలని ఎండనిచ్చేవారంటే బద్ధకం కాదు... వైద్యం.

రేపల్లె వైపు కృష్ణ ఒడ్డున లంక భూములు. ఇక్కడ గుంత తీస్తే గోడకి గళ్ల చీర ఆరేసినట్టుంటుంది. ఒక చార ఇసుక, ఒక చార ఒండ్రు, ఒక చార బంక. ఒక్కో చార ఒక్కో వరద సంతకం. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. అలాంటి వరద తీశాక లంక రైతు మొదట చూసేది నీళ్లు ఎంత వచ్చాయని కాదు, వదిలి వెళ్లింది ఒండ్రా ఇసుకా అని. ఒండ్రయితే వరం. మేటలు వేసిన ఇసుకయితే శాపం. ఈ చారల్లోనూ కనిపించని గోడలుంటాయి. మెత్తటి ఒండ్రు కింద ముతక ఇసుక ఉంటే, పైపొర బాగా నానేదాకా నీరు ఆ గీత దాటదు. వేరూ అక్కడే తచ్చాడుతుంది. పైగా ఒండ్రు మీద గట్టి వాన పడి ఎండితే పెచ్చు కడుతుంది. మొలక దాన్ని పగలగొట్టలేక లోపలే ముడుచుకుపోతుంది. ఇంకా కిందికి, సముద్రం వైపు పోతే ఉప్పు, చౌడు.

బాపట్ల తీరంలో ఇసుక. ఇక్కడ గట్టి పొర లేదు కదా, హాయేనా? కాదు, ఇక్కడిది నీటి పొర! ఇసుకలో ఇంకిన వాన నీరు బరువైన ఉప్పు నీటి మీద తేలుతూ ఉంటుంది. ఆ సంగతి ఏ కాలేజీ చెప్పకముందే అక్కడి రైతులకి తెలుసు. అందుకే బావి లోతుగా తవ్వకుండా 'దొరువు' తీశారు. వెడల్పాటి గుంత, అడుగున తియ్యటి నీరు, కడవలతో ముంచి మొక్కమొక్కకీ పోయడం. లోతుగా బోరు దించి గట్టిగా తోడితే కింది ఉప్పు పైకి తన్నుకొస్తుంది. బాపట్లలోని ఉప్పు నీటి పరిశోధన కేంద్రం ఈ దొరువునే మెరుగుపరిచింది. నీటిమట్టం కింద చిల్లుల గొట్టాలను అడ్డంగా పరిచి, వాటి నీటిని ఒక బావిలోకి చేర్చి, పై పొర నీటినే మెల్లగా తోడే పద్ధతి అది. పాల మీద మీగడ తీసినట్టు!

అక్కడి వ్యవసాయ కళాశాల 1945లో మొదలైంది. దేశమంతా సాంబ మసూరిగా తినే బీపీటీ 5204 వంగడం 1986లో విడుదలైంది బాపట్ల నుంచే. అన్నం రుచి అందరికీ తెలుసు. ఆ అన్నం పండిన నేల కింద ఏముందో మాత్రం మనం అడగం.

గోడ ఎందుకు బలిసింది?

ఎద్దుల కాలంలోనూ దమ్ము ఉంది, గట్టి పొరా ఉంది. కానీ ఎద్దు గిట్ట బరువు వేరు, సుమారు రెండు టన్నుల ట్రాక్టరు వేరు. దానికి రోటవేటరు తోడైంది. పైన నాలుగంగుళాలు పిండి చేస్తుంది, ఆ కిందని మాత్రం పళ్లతో దరువేసి పోతుంది. ఆనక వరికోత మిషను. తుపాను వాన ఆరకముందే, కూలీలు దొరక్క, పచ్చి నేల మీదే దించుతున్నాం. తడి మట్టిని నొక్కితే ఏమవుతుందో ఇటుక బట్టీలో అడగండి.

మినుముకి తెగులు, బంగారు తీగ బెడద పెరిగాక ఈ ప్రాంతంలో చాలామంది వరి కోసిన చేలో దున్నకుండానే మొక్కజొన్న గింజ గుచ్చడం మొదలెట్టారు. దున్నకపోవడంలో ఒక తెలివుంది. కుళ్లిన పాత వేళ్లు వదిలిన సన్నటి దారులు చెదరవు, కొత్త వేరు ఆ సందుల్లోంచే కిందికి జారుతుంది. కానీ మొక్కజొన్నకి తడులు పెట్టాలి. నీళ్లున్న చోట గోడ మాట మరిచిపోవచ్చు. కాలవ శివారున, నీళ్లు రాని ఏడు, అదే గోడ మళ్లీ గుర్తొస్తుంది.

మీ చేను మీరే చూసుకోండి

మొదట ఊచ పరీక్ష. నేల పదును మీద ఉన్నప్పుడే గుచ్చాలి. ఎండాక అయితే ఎక్కడ గుచ్చినా గట్టిగానే ఉంటుంది. పది చోట్ల గుచ్చి, ఆగిన లోతు రాసుకోండి. అన్ని చోట్లా ఒకే లోతులో ఆగితే అది గోడే. అనుమానముంటే రెండడుగుల గుంత తీసి ఓ మొక్క వేరు చూడండి. తిన్నగా దిగాల్సిన తల్లివేరు మోచేయిలా పక్కకి తిరిగిందా... ఇంక సాక్ష్యం అక్కర్లేదు.

గోడ ఉంటే వేసవిలో, నేల బాగా ఎండాక ఉలి నాగలి వేయించాలి. ఎండు పొర పగులుతుంది. తడిగా ఉన్నప్పుడు వేస్తే చీలిక పడదు, కర్రు వెంట మళ్లీ అతుక్కుంటుంది. డబ్బు దండగ. ఆ వెంటనే జీలుగో, జనుమో, పిల్లిపెసరో చల్లితే పగుళ్లలో వేళ్లు దిగి వాటిని తెరిచి ఉంచుతాయి. అయితే తేలిక నేలల్లో వరే ప్రధానమైన వాళ్లు తొందరపడకూడదు. గోడ పగిలితే వరి నీరు నిలవదు. ఒకసారి వ్యవసాయాధికారిని అడిగి మరీ దిగండి.

భూసార పరీక్ష చేయించాం కదా అంటారేమో. 2015లో మొదలైన భూసార కార్డులు మంచివే. కానీ మామూలు పంటలకి మట్టి తీసేది పై 15 సెంటీమీటర్ల నుంచే. గోడ మొదలయ్యే చోట పరీక్ష ఆగిపోతుంది!

పదకొండు నెలల హక్కు

మందు తెలిసింది. మరి పెద్దాయన ఎందుకు వేయించలేదు? అడిగితే, 'పక్క చేను ఆసామి సొంతది బాబూ. రెండేళ్ల కిందట ఉలి నాగలి కొట్టించాడు. నేను కొట్టిస్తే వచ్చే ఏడు ఈ చేను ఎవరు చేస్తారో!' అన్నాడు.

ఈ వ్యవహారంలో అసలు గట్టి పొర ఇదే. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం వీలు కల్పించిందే 11 నెలల ఒప్పందానికి. చాలా చోట్ల ఆ కాగితమూ ఉండదు, నోటి మాటే. ఉలి నాగలి ఫలితం మూడు నాలుగు పంటల మీద తెలుస్తుంది. ఖర్చు ఈ ఏడు చేసేవాడిది, లాభం ఆపై ఏడు వచ్చేవాడిది అయితే నేలకి వైద్యం ఎవరు చేయిస్తారు?

ఇంకో ప్రమాదం ఉంది. ఇటుక బట్టీలకి, ప్లాట్ల మెరకకి పైమట్టి అమ్మేస్తున్నారు. జానెడే కదా అనుకుంటాం. కానీ ఇలాంటి చేలో ఉన్న బతుకంతా ఆ జానెడే. అది లారీ ఎక్కాక మిగిలేది గోడ. దాని మీద ఏం నాటతాం?

వచ్చేముందు పెద్దాయన ఒక మాట చెప్పాడు. పొలం ఆసామి హైదరాబాదులో ఉంటాడు. పండక్కి వస్తే చేలోకి పిలిచి, ఊచ ఆయన చేతికే ఇచ్చి గుచ్చమన్నాడట. జానెడు దిగి ఆగిపోయింది. ఆసామి రెండు చేతులూ వేసి నొక్కాడు. చెప్పులు బురదలో దిగాయి కానీ ఊచ దిగలేదు. కాసేపు పక్క చేను వంక చూసి, ఈ వేసవికి ఉలి నాగలి ఖర్చు తానే పెట్టుకుంటానన్నాడట.

'మంచిదే కదా బాబాయ్‌గారూ' అన్నాను.

'మంచిదే బాబూ' అన్నాడు ఊచకి అంటిన మట్టి తుడుస్తూ. 'వచ్చే ఏడు కౌలు ఎవరికిస్తాడో మాత్రం చెప్పలేదు!'