సూరతులో శ్రమ, గంజాంలో ఖర్చు



దేశమున యువజనులు ఎక్కువ, ప్రతి చేతిలోను సెల్‌ఫోను ఉన్నది, కావున జాతీయాదాయము దానంతట అదే పెరుగునని పెద్దలు చెప్పుచున్నారు. ఈ రెండింటికిని కొదువలేని మా గంజాం జిల్లాను చూచినచో ఆ మాట సగమే నిజమని తెలియును.

2011 లెక్కల ప్రకారము ఈ జిల్లా జనాభా 35 లక్షల పైచిలుకు. ఒడిశా జిల్లాలన్నిటిలో ఇదే అధికము. భూమి చాలక, పని దొరకక వేలాది యువకులు సూరతు మరమగ్గములకు పోవుట ఏండ్ల తరబడి సాగుచున్నది. నేను కొలువులో చేరిన దినములలో వారి మనియార్డరు ఇల్లు చేరుటకు రోజులు పట్టెడిది. 2016లో యూపీఐ వచ్చిన తరువాత అదే సొమ్ము నిమిషములో ఖాతాకు చేరుచున్నది. ఇది మేలే, కాదనను.

కాని సొమ్ము వేగముగా వచ్చుట వేరు, సంపద ఇచట పుట్టుట వేరు. సూరతులో నేసిన బట్ట విలువ గుజరాతు ఉత్పత్తి పద్దులో పడును. మనకు వచ్చునది కూలిలో మిగిలిన భాగము. అదియు ఇంటిఖర్చు, పెండ్లి, వైద్యములకే సరి. 2020లో కోవిడ్ వలన మగ్గములు ఆగిపోగా కార్మికులు శ్రామిక్ రైళ్లలో తిరిగి వచ్చిరి. ఫోను చేతిలోనే ఉన్నది. దానిలోనికి వచ్చు సొమ్ము మాత్రము ఆగినది. మన తెలుగు ఇండ్ల పిల్లలు విశాఖ, హైదరాబాదు, బెంగుళూరులకు పోవుటయు ఇట్టిదే.

మరియొక సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఒడిశాలో స్త్రీకి సగటున 1.8 సంతానము, జనసంఖ్య నిలకడగా ఉండుటకు 2.1 కావలెను. అనగా ఈ యువశక్తి ఎల్లకాలము ఉండదు. మంచి వయస్సు సూరతులో గడచి, ముసలితనము మాత్రము గంజాంకు వచ్చినచో వారిని పోషించు ఆదాయమెచటిది?

2027 జనాభా లెక్కలు మొబైలు యాప్‌తో జరుగునని ప్రభుత్వము ప్రకటించినది. సూరతులో కాపురమున్నవాడు సూరతులోనే లెక్కకు వచ్చును. కనుక మన పంచాయతీలు వలసవారి పని, నేర్పు వేరుగా నమోదు చేసి, అట్టి పరిశ్రమలను ఇచటనే నెలకొల్ప యత్నింపవలెను. తరతరములుగా తెలుగు నేతకుటుంబములు నేయుచున్న బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు కలదు. ఫోనులో ఆ చీరను దూరపు కొనుగోలుదారునకు చూపుట సులభమే. పట్టుదారమునకు పెట్టుబడి, సకాలమున చెల్లింపు సమకూర్చవలెను. జిల్లా అధికారులు, ప్రజాప్రతినిధులు ఆలోచింప ప్రార్థన.

బరంపురం
— ఒక రిటైర్డు గుమాస్తా